జుట్టు పోతే పోనీ... జేబు పోనివ్వకండి!

తెనాలి: ఆదివారం ఉదయం ఏడు గంటలు. దుగ్గిరాల వైపు వెళ్లే దారిలో ఒక పల్లెటూరి క్షౌరశాల. బల్ల మీద నలుగురు కూర్చుని పేపరు తిరగేస్తున్నారు. కుర్చీలో ఉన్న పాతికేళ్ల కుర్రాడు ఎదురుగా ఉన్న అద్దంలోకి చూడటం లేదు.

"బాబాయ్, ముందువైపు కత్తెర పెట్టకు. ఉన్నవాటిని ఇటు నుంచి అటు దువ్వుకునేలా వదిలెయ్" అని గొంతు తగ్గించి చెబుతున్నాడు. బల్ల మీది పెద్దాయన చెవిన ఆ మాట పడనే పడింది. "ఏరా అబ్బాయ్, చేను అప్పుడే బీడు పడుతోందే!" అన్నాడు. అందరూ నవ్వారు. కుర్రాడూ నవ్వాడు. కానీ డబ్బులిచ్చి బయటికి రాగానే టోపీ పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

వారానికి ఇద్దరు ముగ్గురు ఇలాంటి వాళ్లు వస్తూనే ఉంటారని దుకాణం యజమాని చెప్పారు. ముప్పై ఏళ్లుగా ఆయనది ఇదే వృత్తి. "పూర్వం నలభై దాటినవాళ్లు అడిగేవాళ్లు. ఇప్పుడు కాలేజీ పిల్లలు అడుగుతున్నారు, మందేమైనా ఉందా బాబాయ్ అని. ఉంటే నా తల ఇలా ఎందుకుంటుందిరా అంటాను" అంటూ తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చూపించారు. నున్నటి బట్టతల!

నకిలీ విత్తనంతో పంట పోయినవాడి దిగులు ముందు, అప్పుల పాలైనవాడి దిగులు ముందు ఇదొక దిగులా అనిపించవచ్చు. అయితే ఈ దిగులును పెట్టుబడిగా పెట్టుకుని బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేని మనిషి జేబు ఖాళీ చేయడం వాళ్లకు చాలా తేలిక.

పెళ్లిచూపుల్లో గండం

కొల్లిపర మండలంలోని ఒక గ్రామానికి చెందిన యువకుడి సంగతే చూడండి. వయసు ఇరవై తొమ్మిది. శీతల గిడ్డంగిలో గుమస్తా ఉద్యోగం. ఇంట్లో రెండెకరాల మాగాణి. చుట్ట, బీడీ, మందు ఏ అలవాటూ లేదు. ఇరవై మూడో ఏటనే నుదురు పైకి జరగడం మొదలైంది. ఇరవై ఆరు వచ్చేసరికి నడినెత్తి కనబడసాగింది.

మొదటి సంబంధం వాళ్లు చూసి వెళ్లాక కబురు పంపలేదు. మధ్యవర్తిని అడిగితే "అబ్బాయి వయసు ఎక్కువనుకుంటున్నారు" అన్నాడు. రెండో సంబంధానికి ఇంట్లోవాళ్లు నాలుగేళ్ల కిందటి ఫోటో పంపారు. పిల్లవాడు వచ్చి కూర్చోగానే ఆడపెళ్లివారు ఫోటో వంక, మనిషి వంక మార్చి మార్చి చూశారు. "బట్టతల అయినా పర్లేదు గానీ, మొదట్లోనే మోసం ఏమిటండీ" అని పిల్ల మేనమామ అనేశాడు.

ఆ మాట తర్వాత యువకుడు పెళ్లిళ్లకు, తిరునాళ్లకు వెళ్లడం మానేశాడు. స్నేహితులు గ్రూపు ఫోటో తీస్తుంటే పక్కకు తప్పుకునేవాడు. "రోజూ పొద్దున్నే దిండు మీద రాలిన వెంట్రుకలు లెక్కపెట్టేవాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు" అని తల్లి చెప్పి కళ్లు తుడుచుకున్నారు.

సంతలో సీసా

ఆ దశలోనే సంతలో ఆటో కనిపించింది. మైకులో రికార్డు మోగుతోంది. ఆటోకు రెండు వైపులా బొమ్మలు. ఒక బొమ్మలో బోడి తల, పక్క బొమ్మలో అదే మనిషికి ఒత్తయిన జుట్టు. బల్ల మీద వేళ్లూ ఆకులూ తేలుతున్న నూనె సీసాలు. నలభై రోజులు రాస్తే నున్నటి తల మీద కూడా జుట్టు వస్తుందని హామీ. మూడు సీసాలు కొన్నాడు. నలభై రోజులు వాడాడు. ఏమీ రాలేదు. మళ్లీ సంతకు వెళ్లి అడిగితే "పథ్యం తప్పావు, వంకాయ తిన్నావు" అన్నాడు అమ్మినవాడు. ఇంకో మూడు సీసాలు అంటగట్టాడు.

ఆ తర్వాత టీవీలో చూసి పోస్టులో తెప్పించిన పొడి, పట్నంలో ఒక సెంటరువారు చెప్పిన పన్నెండు సిట్టింగుల ప్యాకేజీ! చివరికి ఎవరో నల్లజీడి గింజ రసం రాయమంటే రాశాడు. తెల్లారేసరికి తలంతా బొబ్బలు. తెనాలిలో డాక్టరు దగ్గరకు పరిగెత్తాల్సి వచ్చింది. నాలుగేళ్లలో అయిన ఖర్చు ఒక కాగితం మీద రాసుకుని చూస్తే ముప్పై రెండు వేలు తేలింది. "ఆ డబ్బుతో ఒక పాడిగేదెకు బయానా ఇచ్చి ఉండేవాళ్లం" అని తండ్రి వాపోయారు.

ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. 2025 మార్చిలో పంజాబులోని సంగ్రూర్‌లో బట్టతలకు మందు రాస్తామని శిబిరం పెడితే, అక్కడ నూనె రాయించుకున్న అరవై మందికి పైగా కళ్ల మంటలతో ఆస్పత్రి పాలయ్యారు. తర్వాతి నెలలో హైదరాబాదులో గుండు గీసి మందు పూస్తామన్న మాట విని జనం బారులు తీరారు.

నిజానికి ఇలాంటి ప్రకటనలకు చట్టం ఒప్పుకోదు. మన దేశంలో 1945 నాటి ఔషధ నిబంధనల్లో జె షెడ్యూలు అని ఒక జాబితా ఉంది. ఆ జాబితాలోని జబ్బులను నయం చేస్తామని ఏ మందు మీదా చెప్పుకోకూడదు. అందులో బట్టతల పేరు ఉంది. కొత్త వెంట్రుకలు మొలిపిస్తామనడమూ ఉంది. కాబట్టి "గ్యారంటీ" అనే మాట వినగానే జేబు మీద చెయ్యి వేసుకోవడం మంచిది.

అసలు ఎందుకు పోతుంది?

మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది. తర్వాత రెండు మూడు నెలలు ఊరుకుని రాలిపోతుంది. అదే కుదురులో మళ్లీ కొత్తది మొలుస్తుంది. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం సహజమని చర్మవ్యాధుల వైద్యులు చెబుతారు. దువ్వెనలో నాలుగు వెంట్రుకలు చూసి బెంబేలు పడనక్కర్లేదు.

మగవారి బట్టతలలో జరిగేది వేరు. శరీరంలోని మగ హార్మోను టెస్టోస్టెరాన్‌లో కొంత భాగం డీహెచ్‌టీ అనే మరో రూపంలోకి మారుతుంది. కొందరి వంశంలో నుదుటి వైపు, నడినెత్తి మీద ఉన్న కుదుళ్లు ఈ డీహెచ్‌టీని తట్టుకోలేవు. ఏటికేడు కుదురు చిన్నదవుతుంది. మొదట లావు వెంట్రుక, తర్వాత సన్నది, చివరికి నూగు. సారం తగ్గిన చేలో పైరు ఏటికేడు గిడసబారినట్టన్నమాట.

ఈ గుట్టు విప్పినవారిలో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ ముఖ్యుడు. యుక్తవయసు రాకముందే వృషణాలు పోగొట్టుకున్న మగవాళ్లకు బట్టతల రావడం లేదని ఆయన 1942లో వెల్లడించాడు. అలాంటివాళ్లకు మగ హార్మోను ఇస్తే, వంశంలో బట్టతల ఉన్నవారికి జుట్టు పోవడం మొదలైంది. అంటే హార్మోను ఒక్కటే కాదు, వంశం కూడా కలవాలి. బట్టతల ఉన్నవాడికి మగతనం ఎక్కువనీ, తక్కువనీ రచ్చబండ మీద వినిపించే మాటలు రెండూ తప్పే. హార్మోను అందరిలోనూ ఉంటుంది. తేడా కుదురులో ఉంది.

చెవుల పక్క, వెనకవైపు కుదుళ్లకు ఈ హార్మోనుతో పెద్దగా నష్టం లేదు. అందుకే తాతల తలల మీద వెనకాల అర్ధచంద్రాకారంలో జుట్టు మిగిలి ఉంటుంది. 1975లో నార్‌వుడ్ అనే అమెరికా వైద్యుడు బట్టతలను ఏడు దశలుగా విడదీసి చూపాడు. ఇప్పటికీ డాక్టర్లు ఆ లెక్కే చూస్తున్నారు.

రాలిందంతా బట్టతల కాదు

ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ వంటి జ్వరాలు వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు గుప్పెళ్లతో జుట్టు రాలవచ్చు. జ్వరం సంగతి అప్పటికి మరిచిపోయి ఉంటారు. ఇది చాలావరకు కొన్ని నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఈలోగా ఎవరో ఇచ్చిన నూనె రాస్తే పేరు ఆ నూనెకు వస్తుంది!

రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా, నున్నగా ఊడితే దాన్ని మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. పేనుకు దీనితో సంబంధమే లేదు. ఒంట్లోని రక్షణ శక్తి పొరబడి సొంత కుదుళ్ల మీదే దాడి చేయడం వల్ల వస్తుంది. గడ్డంలో, మీసంలో కూడా రావచ్చు. కొందరికి దానంతట అదే తగ్గుతుంది. లేకుంటే డాక్టర్లు మందు ఇస్తారు. గురివింద గింజ నూరి రుద్దడం మాత్రం ప్రమాదం. ఆ గింజలో విషం ఉంది. పిల్లలున్న ఇంట్లో నూరిపెట్టడం మరీ ప్రమాదం.

పిల్లల తలలో పొట్టు రాలుతూ, దురదతో అక్కడక్కడ జుట్టు తెగిపోతే అది తామర కావచ్చు. ఒకరి దువ్వెన ఒకరు వాడితే అంటుకుంటుంది. రక్తహీనత, థైరాయిడ్ జబ్బు ఉన్నా జుట్టు పలచబడుతుంది. ఇవన్నీ మందుతో తగ్గేవి.

2025 జనవరిలో మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లాలో కొన్ని గ్రామాల జనానికి రోజుల వ్యవధిలో జుట్టు ఊడిపోయింది. ఆడా మగా, పిల్లా పెద్దా తేడా లేదు. ప్రభుత్వం వైద్య బృందాలను పంపాల్సి వచ్చింది. అలా ఒక్కసారిగా ఊడితే దాచుకోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెప్పాలి. బట్టతల రావడానికి ఏళ్లు పడుతుంది. రోజుల్లో ఊడేది వేరే జబ్బు. జిల్లావాసులకు గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఏ సీసా కొనేముందైనా అక్కడ ఓపీ చీటీ రాయించుకోవడం మేలు.

పనిచేసే మందులు, వాటి మెలికలు

బట్టతలకు పనిచేస్తాయని పరీక్షల్లో తేలిన మందులు ముఖ్యంగా రెండు. మొదటిది మినాక్సిడిల్. నిజానికి ఇది రక్తపోటు మాత్ర. వేసుకున్న రోగులకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి, తలకు రాసే మందుగా తయారు చేశారు. 1988లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. మొదటి కొన్ని వారాలు ఉన్న జుట్టు కూడా కొంత రాలుతుంది. చాలామంది అక్కడే భయపడి మానేస్తారు. ఫలితం తెలియాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

రెండోది ఫినాస్టెరైడ్ మాత్ర. ఇది ముసలివారికి వచ్చే ప్రోస్టేటు వాపు కోసం పుట్టిన మందు. టెస్టోస్టెరాన్ డీహెచ్‌టీగా మారకుండా అడ్డుకుంటుంది. తక్కువ మోతాదులో బట్టతలకు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. కొద్దిమందిలో సంసార కోరిక తగ్గడం, మనసు దిగులుగా ఉండటం కనిపిస్తాయి. అందుకని డాక్టరు చీటీ లేకుండా దుకాణంలో అడిగి కొనుక్కోకూడదు. గర్భిణులు విరిగిన మాత్రను ముట్టుకోకూడదు.

ఈ రెండింటికీ ఒక మెలిక ఉంది. వాడినంతకాలమే ఫలితం. మానేస్తే కొన్ని నెలల్లో తల మళ్లీ మొదటికొస్తుంది. అంటే ఇది ఒకసారి పెట్టే ఖర్చు కాదు, నెలనెలా కట్టే కిస్తీ. ఆ మాట ముందే తెలుసుకుని దిగాలి. పైగా ఇవి పలచబడుతున్న జుట్టును నిలబెడతాయి గానీ, ఏళ్ల కిందటే నున్నబడ్డ తల మీద వనం మొలిపించవు.

ఇక జుట్టు నాట్లు. వెనకవైపు గట్టి కుదుళ్లను తీసి ముందు నాటుతారు. నారు తీసి ఊడ్చినట్టే. అమెరికాలో నార్మన్ ఓరెంట్రైక్ అనే వైద్యుడు ఈ పద్ధతి గురించి 1959లో లోకానికి చెప్పాడు. వెనక ఉన్న నారును బట్టే నాటు. కొత్తవి పుట్టవు. ఇది చిన్న పనేమీ కాదు, శస్త్రచికిత్స. తగిన శిక్షణ పొందిన వైద్యులే చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. ఎవరు కత్తి పడుతున్నారో అడిగి తెలుసుకోకుండా కుర్చీలో కూర్చోరాదు.

నమ్మకాలు, నిజాలు

గుండు గీయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందనే నమ్మకం మన పల్లెల్లో బలంగా ఉంది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇవ్వడం మొక్కుబడి, భక్తి. అది వైద్యం కాదు. కొత్తగా మొలిచేటప్పుడు కొసలు మొద్దుగా ఉండటంతో చేతికి గరుకుగా తగిలి ఒత్తుగా అనిపిస్తుంది. కుదుళ్ల సంఖ్య ఒక్కటి కూడా పెరగదు.

హెల్మెట్ వల్ల బట్టతల వస్తుందని కుర్రాళ్లు సాకు చెబుతారు. అది నిజం కాదు. జుట్టు కోసం హెల్మెట్ మానేసి తల పగలగొట్టుకోవడం కంటే తెలివితక్కువ పని లేదు. బోరు నీళ్ల ఉప్పదనానికి వెంట్రుక గరుకెక్కి తెగవచ్చు గానీ, కుదురు చావదు. మేనమామ పోలికే వస్తుందన్నది సగం నిజం. తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ కూడా వస్తుంది.

కొబ్బరినూనె, మందార ఆకు, మెంతులు, గుంటగలగరాకు చెడ్డవేమీ కావు. కొబ్బరినూనె వెంట్రుకను తెగిపోకుండా కాస్త కాపాడుతుంది. ఇంట్లో కాచుకుని రాసుకుంటే నష్టం లేదు. బట్టతల మీద జుట్టు మొలిపిస్తాయన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు.

ఎండ సంగతి మరవద్దు

ఎండకు తాళలేక ఒక బట్టతల మనిషి తాటిచెట్టు నీడకు పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే తాటిపండు నెత్తిన పడింది. భర్తృహరి సుభాషితాల తెలుగులో చెప్పిన ఈ కథ బళ్లో చదువుకున్నవారికి గుర్తుండే ఉంటుంది. తాటిపండు మాటెలా ఉన్నా ఎండ బాధ మాత్రం నిజం. పసుపు ఉడకబెట్టి కళ్లాల్లో ఆరబోసే రోజుల్లో, మిరప కోతల్లో బట్టతల రైతుల నెత్తి కమిలిపోతుంది.

"జుట్టున్నవాడికి గొడుగు దేవుడిచ్చాడు. మనం కొనుక్కోవాలి" అని దుగ్గిరాల పసుపు యార్డు దగ్గర ఒక రైతు నవ్వుతూ అన్నారు. ఆయన తలపాగా లేకుండా పొలంలో అడుగుపెట్టరు. నెత్తి మీద మానని పుండు, పెరుగుతున్న మచ్చ కనిపిస్తే డాక్టరుకు చూపించాలి.

తల ఎత్తుకుని...

తెరమీద విగ్గుతో కనిపించే రజనీకాంత్ బయట సభలకు బట్టతలతోనే వస్తారు. ఆయన్ను చూసి ఎవరూ చప్పట్లు తగ్గించలేదు. బట్టతలను విగ్గుతో దాచుకునే కుర్రాడి తంటాల మీద 2021లో 'నూటొక్క జిల్లాల అందగాడు' అనే తెలుగు సినిమా కూడా వచ్చింది. విగ్గు పెట్టుకోవడం తప్పు కాదు. ఇష్టమైతే పెట్టుకోవచ్చు. అది ఎప్పుడు జారుతుందోనని రోజంతా భయపడుతూ బతకడమే కష్టం.

క్షౌరశాల యజమాని ముప్పై ఏళ్ల అనుభవంతో చెప్పే సలహా ఒక్కటే. పక్కనున్న పొడుగు వెంట్రుకలను నెత్తి మీదుగా దువ్వవద్దు. గాలి వీస్తే ఉన్న గుట్టు కాస్తా బయటపడుతుంది. చుట్టూ పొట్టిగా కత్తిరించుకుని గడ్డం, మీసం శుభ్రంగా ఉంచుకుంటే వయసు తగ్గినట్టు కనిపిస్తుందని ఆయన అంటారు. ఊరి ఉన్నత పాఠశాల మాస్టారు పదేళ్లుగా వారం వారం నున్నగా గీయించుకుంటున్నారు. మొదట్లో పిల్లలు 'గుండు మాస్టారు' అనేవాళ్లు. ఇప్పుడు 'లెక్కల మాస్టారు' అంటున్నారు.

ఇంట్లోవాళ్లు, స్నేహితులు కూడా ఒకటి గమనించాలి. ఒకసారి అన్న హాస్యం హాస్యమే. రోజూ అంటే అది పోటు. అన్నం మానేసి, జనంలోకి రావడం మానేసి, బతికేం లాభం అనే మాట ఏ కుర్రాడి నోటైనా వస్తే జుట్టు గురించే కదా అని తేలిగ్గా తీసుకోరాదు. పక్కన కూర్చుని మాట్లాడాలి. అవసరమైతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

కొల్లిపర మండలం యువకుడి కథ సుఖాంతమైంది. మూడో సంబంధం వచ్చినప్పుడు అతనే పట్టుబట్టి ఆ వారం తీసిన ఫోటో పంపించాడు. పెళ్లిచూపుల రోజు టోపీ ఇంట్లోనే వదిలి వెళ్లాడు. "నా తల ఇంతేనండీ, ఇంకా పోతుంది కూడా. మీ అమ్మాయికి ఇష్టమైతేనే చెప్పండి" అని పెద్దల ముందే అన్నాడు. అమ్మాయి లోపలికి వెళ్లి సరేనంది. దగ్గరి బంధువు ఒకాయన గొణిగితే పిల్ల తండ్రి సర్దిచెప్పారు. "జుట్టు లేదని ముందే చెప్పినవాడు రేపు అప్పున్నా చెబుతాడు. దాచిపెట్టే అల్లుడి కంటే ఈ అబ్బాయే నయం" అన్నారాయన.

మాఘమాసంలో పెళ్లి జరిగింది. పెళ్లి ఫోటోల్లో పెళ్లికొడుకు బాసికం కింద నుదురు విశాలంగా, ముఖం నిండా నవ్వుతో కనిపిస్తాడు. సంతలో కొన్న సీసాల్లో మిగిలిన రెండింటిని అతని తల్లి పెరట్లో పారబోశారు. అక్కడ కూడా ఏమీ మొలవలేదని ఇంటిల్లిపాదీ ఇప్పటికీ నవ్వుకుంటారు.